కౌలు గడువు తీరిన లీగ్: ఐఎస్ఎల్ సీజన్ 91 మ్యాచ్‌లకు ఎందుకు కుంచించుకుపోయింది?

క్లుప్తంగా: దేశంలో టాప్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) మామూలుగా సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో మొదలవుతుంది. 2025–26 సీజన్‌కు మాత్రం 2026 ఫిబ్రవరి 14 ముహూర్తం కుదిరింది. అదీ ఒక్కో జట్టుకు 13 మ్యాచ్‌లతో. లీగ్ హక్కులను 15 ఏళ్లకు ఒకే కంపెనీకి అప్పగించిన ఒప్పందం ముగియడం, అదే సమయంలో దేశ ఫుట్‌బాల్ సమాఖ్య రాజ్యాంగం (నియమావళి)పై కేసు నడవడం, తర్వాత పిలిచిన టెండర్‌కు ఒక్క బిడ్ కూడా రాకపోవడం ఇందుకు కారణాలు. టాప్ లీగ్ నుంచి హైదరాబాద్ పేరు మాయమైంది కూడా ఈ సీజన్‌లోనే.

### పొలం ఒకరిది, సాగు మరొకరిది

2010 డిసెంబర్‌లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) ఐఎంజీ–రిలయన్స్‌తో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. విలువ 700 కోట్ల రూపాయలు. తర్వాత ఈ హక్కులు రిలయన్స్ గ్రూపులోని ఫుట్‌బాల్ స్పోర్ట్స్ డెవలప్‌మెంట్ లిమిటెడ్ (ఎఫ్ఎస్‌డీఎల్) చేతికి వచ్చాయి. దీన్నే ఫుట్‌బాల్ వార్తల్లో ‘మాస్టర్ రైట్స్ అగ్రిమెంట్’ అంటున్నారు. టీవీ హక్కులు, స్పాన్సర్లు, కొత్త లీగ్ పెట్టే అవకాశం, అన్నీ ఒకే మూటలో వెళ్లిపోయాయి. బదులుగా సమాఖ్యకు ఏటా సుమారు 50 కోట్లు.

తెలుగు పాఠకులకు ఈ ఏర్పాటు అర్థం కావాలంటే కౌలు వ్యవసాయం చూస్తే చాలు. పొలం సమాఖ్యది. పంట వేసి, అమ్ముకుని, కౌలు కట్టేది కంపెనీ. క్లబ్బుల స్థానం మాత్రం కాస్త విచిత్రం. ఫ్రాంచైజీ ఫీజు కట్టి దిగారు, ఆటగాళ్ల జీతాలు, స్టేడియం అద్దె, విమాన ఖర్చులు భరిస్తున్నారు. కానీ పొలం వాళ్లది కాదు, కౌలు పత్రం వాళ్ల పేరు మీద లేదు. ఏటా నష్టాలతోనే నడుపుతున్నామని చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు.

2014 అక్టోబర్ 12న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో ఐఎస్ఎల్ తొలి మ్యాచ్ జరిగింది. అప్పుడున్నవి 8 జట్లు. అధికారికంగా దేశంలో టాప్ లీగ్ అప్పటికి ఐ-లీగే. 2019లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) ఆమోదించిన రోడ్‌మ్యాప్‌తో ఆ హోదా ఐఎస్ఎల్‌కు మారింది. ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్ వచ్చింది, మోహన్ బగాన్ ఏటీకేతో కలిసి వచ్చింది. ఐ-లీగ్ గెలిచి పంజాబ్ ఎఫ్‌సీ, మహమ్మదన్ స్పోర్టింగ్ పైకొచ్చాయి. 2024–25 నాటికి 13 జట్లు, 156 లీగ్ మ్యాచ్‌లు, ఆపైన ప్లేఆఫ్స్. పాయింట్ల పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చే షీల్డ్, ప్లేఆఫ్స్ గెలిచినవారికి ఇచ్చే కప్పు రెండూ ఆ ఏడాది మోహన్ బగానే గెలుచుకుంది. చూడ్డానికి పంట ఏపుగానే ఉంది.

### డిసెంబర్‌లో గడువైతే జూలైలోనే ఎందుకు ఆగింది?

చాలామందిని తికమకపెట్టిన ప్రశ్న ఇది. ఒప్పందం 2025 డిసెంబర్ 8 దాకా ఉంది. ఎఫ్ఎస్‌డీఎల్ మాత్రం జూలై 11నే సీజన్‌ను పక్కన పెడుతున్నట్టు సమాఖ్యకు, క్లబ్బులకు చెప్పేసింది.

క్యాలెండర్ చూస్తే లెక్క తేలుతుంది. సెప్టెంబర్‌లో మొదలై ఏప్రిల్ దాకా సాగే సీజన్‌లో డిసెంబర్ 8 నాటికి పూర్తయ్యేది మూడో వంతు మాత్రమే. మిగతా రెండు వంతుల మ్యాచ్‌లకు ప్రకటనలు అమ్మాలంటే, ప్రసారకర్తతో సంతకం పెట్టాలంటే హక్కు ఎవరిదో తెలియాలి. సీజన్ మధ్యలో టైటిల్ స్పాన్సర్‌కు ఏం చెబుతారు? కౌలు ఆఖరి ఏడాదిలో ఎవరూ బోరు వేయించరు. ఇక్కడ జరిగిందీ అదే.

మరి గడువుకు ముందే ఎందుకు పొడిగించుకోలేదు? సమాఖ్య చేతులు కట్టేసి ఉన్నాయి. ఏఐఎఫ్ఎఫ్ రాజ్యాంగం కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు రిజర్వు చేసింది. అది వచ్చేదాకా కొత్త ఒప్పందం ఖరారు చేయవద్దన్నది కోర్టు మాట. తీర్పు రానిదే ఒప్పందం లేదు, ఒప్పందం లేనిదే సీజన్ లేదు. లీగ్ నడిపే కొత్త కంపెనీ పెట్టి అందులో క్లబ్బులకు 60 శాతం, తమకు 26, సమాఖ్యకు 14 శాతం వాటా ఇద్దామని ఎఫ్ఎస్‌డీఎల్ అంతకుముందే ఒక ప్రతిపాదన పెట్టింది. అదీ కాగితం దాటలేదు.

వేసవి గడిచేకొద్దీ దెబ్బ నేరుగా డ్రెస్సింగ్ రూమ్‌కు తగిలింది. బెంగళూరు ఎఫ్‌సీ, చెన్నైయిన్ లాంటి క్లబ్బులు ఆగస్టులో సీనియర్ జట్టు జీతాలు నిలిపేశాయి. ఆటగాడి కెరీర్ అసలే చిన్నది. అందులో ఆరు నెలలు మ్యాచ్ లేకుండా కూర్చుంటే ఆ ఫిట్‌నెస్, ఆ ఫామ్ వెనక్కి రావడం తేలిక కాదు. అక్టోబర్‌లో గోవాలో సింగపూర్ చేతిలో 2–1తో ఓడి భారత్ 2027 ఆసియా కప్ అర్హతకు దూరమైంది. ఆ ఓటమికి లీగ్ ఆగిపోవడమే కారణమనడం తొందరపాటు అవుతుంది. లీగ్ మామూలుగా సాగిన 2024–25 సీజన్ చివర్లో, అంటే మార్చిలో, ఆ సీజన్ ముగిశాక జూన్‌లో ఆడిన మ్యాచ్‌ల్లోనే జట్టు తడబడింది. కానీ అక్టోబర్‌లో జాతీయ జట్టుకు వచ్చిన చాలామంది కాళ్లలో లీగ్ మ్యాచ్ లేదన్నది మాత్రం నిజం.

### కోర్టు మార్చిన హద్దులు

రాజ్యాంగం కేసు మూలాలు 2017 నాటివి. ఏఐఎఫ్ఎఫ్ అధ్యక్షుడిగా ప్రఫుల్ పటేల్ ఎన్నికను ఢిల్లీ హైకోర్టు కొట్టేయడంతో మొదలై, సుప్రీంకోర్టుకు వెళ్లి, 2022 మేలో పాలకుల కమిటీ నియామకం దాకా వచ్చింది. బయటివారి జోక్యం పేరుతో ఆ ఆగస్టులో ఫిఫా ఏఐఎఫ్ఎఫ్‌ను సస్పెండ్ చేసింది. రెండు వారాలలోపే ఎత్తేసింది కూడా. సెప్టెంబర్‌లో కళ్యాణ్ చౌబే అధ్యక్షుడయ్యారు. కొత్త రాజ్యాంగం ముసాయిదాకు తుదిరూపం ఇచ్చే పని 2023లో సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుకు అప్పగించారు.

2025 సెప్టెంబర్ 19న జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీ ధర్మాసనం ఆ ముసాయిదాను కొన్ని మార్పులతో ఆమోదించింది. ముసాయిదా తయారుచేసినవారు, ధర్మాసనానికి నేతృత్వం వహించినవారు ఇద్దరూ తెలుగువారే కావడం ఈ కథలో ఒక విశేషం. అక్టోబర్ 30లోగా రాజ్యాంగం అమల్లోకి రాకపోతే మళ్లీ సస్పెన్షన్ తప్పదని ఫిఫా, ఏఎఫ్‌సీ హెచ్చరించి ఉన్నాయి. అక్టోబర్ 12న సమాఖ్య సర్వసభ్య సమావేశం దాన్ని ఆమోదించి గండం గట్టెక్కింది.

లీగ్ సంగతికి వస్తే ఆ రాజ్యాంగంలో రెండు విషయాలు కీలకం. టాప్ లీగ్ యాజమాన్యం, నిర్వహణ సమాఖ్యవే కావాలి. కింది లీగ్ గెలిచిన జట్టు పైకి, టాప్ లీగ్‌లో అట్టడుగున నిలిచిన జట్టు కిందికి వెళ్లే పద్ధతి, అంటే ప్రమోషన్–రెలిగేషన్ ఉండాలి. మొదటిది పాత కౌలు పద్ధతిని ఉన్నదున్నట్టు కొనసాగించే దారి మూసేసింది. రెండోది పెట్టుబడిదారుల లెక్కనే మార్చేసింది. పొలం గట్లు జరిగాయి. ఇక కొత్త కౌలుదారు ఎవరైనా ఆ గట్ల లోపలే దున్నుకోవాలి.

### ఒక్క బిడ్ కూడా రాని టెండర్

అక్టోబర్ 16న ఏఐఎఫ్ఎఫ్ టెండర్ పిలిచింది. 15 ఏళ్ల వాణిజ్య హక్కులు. ఏటా 37.5 కోట్లు లేదా మొత్తం ఆదాయంలో 5 శాతం, ఏది ఎక్కువైతే అది సమాఖ్యకు కట్టాలి. పరిశీలన కమిటీకి జస్టిస్ నాగేశ్వరరావే నేతృత్వం వహించారు. సందేహాలడిగిన సంస్థలున్నాయి, వాటిలో ఎఫ్ఎస్‌డీఎల్ కూడా ఉంది. గడువు నవంబర్ 7. ఆ రోజు చూస్తే బిడ్లు సున్నా.

పాత మొత్తం 50 కోట్లు, కొత్త కనీసం 37.5 కోట్లు. తగ్గించినా ఎవరూ రాలేదంటే సమస్య ఒక్క అంకెలో లేదు. పాత ఒప్పందంలో ఖర్చూ కంపెనీదే, పెత్తనమూ కంపెనీదే. కొత్తదానిలో ఖర్చు కంపెనీది, తుది మాట చాలావరకు సమాఖ్యది. పైగా రెలిగేషన్ వస్తే కోట్లు పెట్టిన క్లబ్ కిందికి జారిపోవచ్చు. మోహన్ బగానో, కేరళ బ్లాస్టర్సో దిగిపోతే టీవీ ప్రేక్షకుల్లో పెద్ద ముక్క వాళ్లతోపాటే పోతుంది. ప్రకటనలు అమ్మేవాడి కోణంలో చూస్తే అది మామూలు టెన్షన్ కాదు. కోర్టు ఉద్దేశం సరైనదే. ఆ ఉద్దేశానికి మార్కెట్లో ధర పలకలేదన్నదే ఇక్కడి చిక్కు.

ఆ తర్వాతి రెండు నెలలూ గందరగోళమే. అక్టోబర్ చివర్లో మొదలైన దేశవాళీ టోర్నీ సూపర్ కప్‌ను డిసెంబర్ 7న ఎఫ్‌సీ గోవా గెలిచింది. ఆ మర్నాడే పాత ఒప్పందం గడువు తీరింది. అదే నెలలో సిటీ ఫుట్‌బాల్ గ్రూప్ ముంబై సిటీ నుంచి తప్పుకుంది. మాంచెస్టర్ సిటీ యజమానులే చేయి వదిలేశారంటే బయటి పెట్టుబడిదారులకు వెళ్లిన సంకేతం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 2026 జనవరి మొదట్లో సునీల్ ఛెత్రి, గుర్‌ప్రీత్ సింగ్ సంధు, సందేశ్ ఝింగన్ లాంటి పేరున్న ఆటగాళ్లు వీడియోలో కనిపించి, భారత ఫుట్‌బాల్‌ను కాపాడాలని ఫిఫాను కోరాల్సి వచ్చింది. జనవరి 6న కేంద్ర క్రీడామంత్రి మన్‌సుఖ్ మాండవీయ 14 జట్లతో ఫిబ్రవరి 14న లీగ్ మొదలవుతుందని ప్రకటించారు. కౌలుదారు దొరకలేదు కాబట్టి ఈ ఏడాదికి సమాఖ్య, క్లబ్బులు కలిసి సొంతంగా దున్నుకోవాలన్నమాట.

### 91 అనే లెక్క

13 పాత స్థానాలకు తోడు వారణాసి క్లబ్ ఇంటర్ కాశీ చేరింది. ఐ-లీగ్ టైటిల్ ఎవరిదన్న వివాదం స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు దాకా వెళ్లి, 2025 జూలైలో వాళ్లకు అనుకూలంగా తేలింది. అలా 14 జట్లయ్యాయి. ప్రతి జట్టు మిగతా 13 జట్లతో సొంత గడ్డ మీద, బయట రెండుసార్లు ఆడితే 182 మ్యాచ్‌లు కావాలి. మే నెలాఖరుకు ముగించాలంటే అది అయ్యేపని కాదు. అందుకే ఒక్కో ప్రత్యర్థితో ఒక్కసారే. 182లో సగం 91.

2014లో తొలి సీజన్‌లోనే ఒక్కో జట్టు లీగ్ దశలో 14 మ్యాచ్‌లు ఆడింది. పన్నెండేళ్ల తర్వాత దేశపు టాప్ లీగ్ దానికంటే ఒక మ్యాచ్ తక్కువకు వచ్చింది.

13 బేసి సంఖ్య. కాబట్టి కొందరికి ఏడు మ్యాచ్‌లు సొంత మైదానంలో, కొందరికి ఆరు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడే కోల్‌కతా డెర్బీ ఒక్కటే. బలమైన జట్టును ఇంట్లో ఆడే అదృష్టం ఒకరికి, వాళ్ల ఊరెళ్లి ఆడాల్సిన అవస్థ ఇంకొకరికి. రెండు విడతల లీగ్‌లో ఈ తేడా చెరిపేసుకునే అవకాశం ఉంటుంది, ఇందులో ఉండదు. ప్లేఆఫ్స్ లేవు కాబట్టి పట్టికలో పైనున్నవారే ఛాంపియన్. ఒక రెడ్ కార్డు, ఒక తప్పుడు పెనాల్టీ విలువ మామూలు సీజన్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు.

ఆసియా టోర్నీల లెక్క దీనికి తోడైంది. లీగ్, దేశవాళీ కప్పు కలిపి ఒక్కో క్లబ్ కనీసం 24 మ్యాచ్‌లు ఆడాలన్నది ఏఎఫ్‌సీ నిబంధన. ఇక్కడ లీగ్‌లో 13, సూపర్ కప్ గ్రూపు దశలో 3, మొత్తం 16. ఫైనల్ దాకా వెళ్లినా 18. అందుకే సమాఖ్య మినహాయింపు అడగాల్సి వచ్చింది.

### హైదరాబాద్: కప్పు నుంచి కనుమరుగు దాకా

2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా స్టేడియంలో ఐఎస్ఎల్ ఫైనల్. రెండేళ్లు బయోబబుల్‌లో ఖాళీ స్టాండ్ల మధ్య నడిచిన లీగ్‌కు ఆ రోజు ప్రేక్షకులొచ్చారు, ఎక్కువమంది కేరళ పసుపు చొక్కాల్లోనే. 68వ నిమిషంలో కె.పి. రాహుల్ గోల్‌తో కేరళ బ్లాస్టర్స్ ముందుకెళ్లింది. 88వ నిమిషంలో, స్టాండ్స్‌లో సంబరాలు మొదలవబోతుండగా, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ బయటి నుంచి కొట్టిన వాలీతో హైదరాబాద్ సమం చేసింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్కులు ఆపాడు. 3–1. కోచ్ మనోలో మార్కెజ్ జట్టు ఛాంపియన్, బార్తొలొమ్యూ ఒగ్బెచే 18 గోల్స్‌తో టాప్ స్కోరర్.

ఆ మరుసటి సీజన్‌లోనూ లీగ్‌లో రెండో స్థానం. ఆ తర్వాత పతనం మొదలైంది. 2023–24లో డబ్బు సమస్యలు, జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం. విదేశీయులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, కుర్రాళ్లతో సీజన్ లాక్కొచ్చారు. 22 మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు, ఐదు డ్రాలు, 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. మామూలు లీగ్‌లో అయితే ఆ జట్టు కింది డివిజన్‌కు వెళ్లేది. ఐఎస్ఎల్‌లో కిందికి దారే లేదు. కాబట్టి అక్కడే ఉంది. 2024లో యాజమాన్యం మారింది, 2025లో ఊరే మారింది. ఇప్పుడు అదే స్థానంలో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ ఆడుతోంది.

ఈ వలస లీగ్‌కు కొత్త కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టిందే 2019లో మూతపడ్డ పుణె సిటీ స్థానంలో. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఫ్రాంచైజీ అనేది దుకాణం లైసెన్సు లాంటిది, బోర్డు తీసి ఇంకో వీధిలో పెట్టుకోవచ్చు. ఊరి పేరు బోర్డు మీదే ఉంటుంది, పునాదిలో ఉండదు. 2003 ఆఫ్రో–ఏషియన్ క్రీడలు జరిగిన గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఈ జట్టు ఎన్నడూ స్థిరపడలేకపోవడానికి కోవిడ్ ఒక కారణం. ఛాంపియన్‌గా నిలిచిన సీజన్ మొత్తం గోవాలోనే సాగింది. సొంత ఊరి జనం ఆ కప్పు ప్రయాణాన్ని టీవీలోనే చూశారు.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ అరువు తెచ్చుకున్న ఆటేమీ కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఇక్కడిదే. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ హయాంలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది.

### ఐపీఎల్ ఎందుకు ఆగదు? బుందెస్‌లిగా కూడా కౌలుదే కదా?

ఐపీఎల్‌లోనూ ఫ్రాంచైజీలే, రెలిగేషన్ లేదు. తేడా యాజమాన్యంలో ఉంది. ఐపీఎల్ బీసీసీఐది. టీవీ హక్కులు ఒకరికి, డిజిటల్ ఇంకొకరికి, టైటిల్ స్పాన్సర్‌షిప్ మరొకరికి విడివిడిగా అమ్ముతుంది. 2023–27 ప్రసార హక్కులే 48,390 కోట్లు పలికాయి. ఒక స్పాన్సర్ వెళ్లిపోతే ఇంకొకరు వస్తారు, టోర్నీ ఆగదు. ఐఎస్ఎల్‌లో అన్నీ ఒకే మూటగా ఒకే చేతిలో పెట్టారు. ఆ చేయి వెనక్కి తీస్తే మిగిలేదేమీ లేదు. అయితే క్రికెట్‌కు ఉన్న మార్కెట్ ఫుట్‌బాల్‌కు లేదు కాబట్టి 2010లో సమాఖ్యకు వేరే దారి ఉందా అన్నది న్యాయమైన ప్రశ్నే. రోజువారీ ఖర్చులకే వెతుక్కునే సంస్థకు 15 ఏళ్ల హామీ చిన్న విషయం కాదు.

ఇంగ్లండ్‌లో 1992లో మొదలైన ప్రీమియర్ లీగ్ ఒక కంపెనీ, వాటాదారులు ఏ సీజన్‌కు ఆ సీజన్‌లో ఆడే 20 క్లబ్బులే. క్లబ్‌కు ఒక ఓటు, పెద్ద నిర్ణయాలకు 14 ఓట్లు. కిందికి దిగిన క్లబ్ తన వాటా పైకొచ్చిన క్లబ్‌కు అప్పగిస్తుంది. జర్మనీ టాప్ లీగ్ బుందెస్‌లిగా ఉదాహరణ ఇంకా దగ్గరిది. అక్కడ కూడా లీగ్ నడిపే హక్కును జాతీయ సమాఖ్య నుంచి కౌలుకే తీసుకుంటారు. తీసుకునేది మాత్రం మొదటి రెండు డివిజన్లలోని 36 క్లబ్బులు కలిసి పెట్టుకున్న సంస్థ. సాగు చేసేవాడి పేరు మీదే కౌలు పత్రం ఉంది. గడువు దగ్గరపడిందని పొలం వదిలి వెళ్లే ఆలోచన వాళ్లకు రాదు, వెళ్లడానికి వేరే పొలం లేదు కాబట్టి.

ఐఎస్ఎల్ క్లబ్బులు ఇప్పుడు అడుగుతున్నది దాదాపు ఇదే: లీగ్‌లో మాకూ వాటా కావాలని. కొత్త రాజ్యాంగం సమాఖ్య యాజమాన్యమే ఉండాలంటోంది. జర్మనీ తరహాలో యాజమాన్యం సమాఖ్యది, దీర్ఘకాలిక నిర్వహణ క్లబ్బులది అనే ఏర్పాటు ఆ నిబంధనల్లో ఇముడుతుందా అన్నదాని మీదే తర్వాతి సీజన్ ఆధారపడి ఉంది.

### కిందికి దారి తెరిస్తే

రెలిగేషన్‌పై క్లబ్బుల భయం అర్థం చేసుకోదగ్గదే. ఇంగ్లండ్‌లో కిందికి దిగిన క్లబ్బుకు కొన్నేళ్లపాటు ‘పారాచూట్ చెల్లింపులు’ వస్తాయి. ఇక్కడ పైనున్నవాళ్లకే పంచడానికి డబ్బు లేదు, కిందపడ్డవాడికి పారాచూట్ ఎవరు కొంటారు? సగం సీజన్ ఆడించి కిందికి తోయడం అన్యాయమని క్లబ్బులు మినహాయింపు కోరింది అందుకే.

కానీ దిగే దారి ఉంటేనే ఎక్కే దారికి అర్థం. హైదరాబాద్ శివార్లలోని డెక్కన్ ఎరీనాలో ఆడే శ్రీనిధి డెక్కన్ దీనికి ఉదాహరణ. మొదట విశాఖపట్నం పేరుతో అనుమతి తెచ్చుకుని, తర్వాత హైదరాబాద్‌లో స్థిరపడి, 2021–22లో ఐ-లీగ్‌లో అడుగుపెట్టింది. ఆ లీగ్ విజేతకు ఐఎస్ఎల్ తలుపు తెరిచింది 2022–23 నుంచి. ఆ ఏడాది పంజాబ్ గెలిచి పైకెళ్లింది, శ్రీనిధి రెండో స్థానం. మరుసటి ఏడాది మహమ్మదన్ స్పోర్టింగ్ గెలిచి పైకెళ్లింది, శ్రీనిధి మళ్లీ రెండో స్థానం. హైదరాబాద్ పేరు టాప్ లీగ్‌లోకి తిరిగి రావడానికి, ఇంకో ఊరి ఫ్రాంచైజీ బోర్డు ఇటు మారడం కాకుండా ఉన్న దారి ఇదొక్కటే.